డాక్టరు కావాలంటే ఏ గ్రూపులో చేరాలి?

పదవ తరగతి ఫలితాలు వచ్చిన వారం నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. అంతవరకు కడుపులో మంట, మోకాళ్ళ నొప్పులు, మొటిమల గురించి అడిగే పాఠకులు "మా పిల్లను ఏ గ్రూపులో చేర్చమంటారు?" అని అడగడం మొదలుపెడతారు. ఇది ఆరోగ్య శీర్షిక కదా, చదువుల సంగతి మనకెందుకని ఊరుకోవచ్చు. కాని ఇష్టం లేని గ్రూపులో చేరిన పిల్లలు ఏడాది తిరగకుండానే తలనొప్పి, నిద్రలేమి, ఆకలి మందగించడం అంటూ డాక్టరు దగ్గరకు వస్తారు. అప్పుడు మందులు వ్రాయడం కంటే ముందుగానే నాలుగు మాటలు చెప్పడం మంచిది.

విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయి 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో, నర్సీపట్నం దగ్గర మాకవరపాలెం నుంచి ఒక తల్లి ఇలా వ్రాశారు:

"మా అమ్మాయి పదవ తరగతి మంచి మార్కులతో ప్యాసయింది. డాక్టరు కావాలని దాని కోరిక. లెక్కలంటే కూడా చాలా ఇష్టం. మా బావగారు యం.పి.సి.లో చేర్చమంటున్నారు. మావారు బై.పి.సి.లో చేర్పించి, సీటు రాకపోతే బి.యస్సీ. చదివించి ఆ తరువాత మెడిసిన్‌కు పంపుదామంటున్నారు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు ఏ సబ్జెక్టు చదివినా డాక్టరు కావచ్చు అంటోంది. మా మండలంలోనే మెడికల్ కాలేజి వస్తోంది కాబట్టి సీటు ఎక్కడికీ పోదని ఊళ్ళో అందరూ అంటున్నారు. ఇంతకూ మా పిల్లకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఈ మధ్య తరచుగా తలనొప్పి అంటోంది. ఏం చేయమంటారు?"

అమ్మా, మీ ఉత్తరంలో ఉన్న సందేహాలే వేలాది ఇళ్ళలో ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

గ్రూపు పని ఎంతవరకు?

యం.బి.బి.యస్. సీటుకు ఇంటర్మీడియేట్ గ్రూపు అర్హత మాత్రమే ఇస్తుంది. సీటు ఇచ్చేది నీట్ పరీక్షలో వచ్చిన ర్యాంకు. ఈ తేడా తెలియక చాలామంది తల్లిదండ్రులు బై.పి.సి.లో చేర్పించగానే సగం డాక్టరు అయిపోయినట్లు సంబరపడతారు. ఇది పొరపాటు.

అర్హత సంగతి ముందు చూడండి. ఇంటర్మీడియేట్‌లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ (లేదా బయోటెక్నాలజీ), ఇంగ్లీషు చదివి ప్యాసు కావాలి. మొదటి మూడు సబ్జెక్టులూ కలిపి జనరల్ అభ్యర్థులకు 50 శాతం, యస్.సి., యస్.టి., బి.సి. అభ్యర్థులకు 40 శాతం మార్కులు ఉండాలి. సీటులో చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు నిండాలి. గరిష్ఠ వయోపరిమితిని 2022లో తొలగించారు.

ఇక ర్యాంకు సంగతి. నీట్ పరీక్షకు 720 మార్కులు. అందులో బయాలజీకి 360, ఫిజిక్సుకు 180, కెమిస్ట్రీకి 180. సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు ఒకటి పోతుంది. ఇద్దరికి సమానంగా మార్కులు వస్తే ముందుగా బయాలజీ మార్కులు చూస్తారు. అంటే పరీక్షలో సగం బరువు బయాలజీదే. బై.పి.సి. పిల్లలకు ఉన్న అసలు లాభం ఇదే. రెండేళ్ళు ఆ సబ్జెక్టును కాలేజీలో చదువుతారు కాబట్టి పరీక్షకు విడిగా మొదలుపెట్టనక్కరలేదు.

ఎంసెట్ వ్రాసిన తల్లిదండ్రులు ఒక విషయం గమనించాలి. మన రాష్ట్రంలో మెడికల్ సీట్లకు ఎంసెట్ 2016తో ముగిసింది. 2017 నుంచి నీట్ ఒక్కటే దారి. ఎంసెట్ చివరి సంవత్సరాలలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజి ఉండేది. నీట్ ర్యాంకులో ఇంటర్ మార్కులు కలపరు. కాబట్టి వెయ్యి మార్కులకు 980 వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్లు కాదు. అలాగని ఇంటర్‌ను నిర్లక్ష్యం చేసి ప్యాసు కాకపోతే, నీట్‌లో ఎంత మంచి ర్యాంకు వచ్చినా ప్రవేశం ఉండదు.

తెలుగు మీడియంలో చదివిన పిల్లలు భయపడనక్కరలేదు. నీట్ ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఇస్తారు. దరఖాస్తులోనే ఆ భాష ఎంచుకోవాలి. అయితే యం.బి.బి.యస్. చదువంతా ఇంగ్లీషులోనే కాబట్టి ఇంటర్‌లోనే శాస్త్రపదాలు ఇంగ్లీషులో అలవాటు చేసుకోవడం మంచిది.

లెక్కలు వదిలేస్తే ఫరవాలేదా?

"మా వాడికి లెక్కలు రావు, బై.పి.సి.లో వేశాం" అని చెప్పేవాళ్ళు మీ వీధిలోనే పదిమంది ఉంటారు. లెక్కలంటే భయపడి బై.పి.సి.లో చేరడం సరైన కారణం కాదు. నీట్‌లో నాలుగో వంతు ఫిజిక్సు. ఫిజిక్సులో సగం లెక్కలే. త్రికోణమితి, లాగరిథమ్స్, గ్రాఫులు రాకపోతే ఆ 180 మార్కులలో చేతికి వచ్చేది తక్కువ. మంచి ర్యాంకుకూ మామూలు ర్యాంకుకూ తేడా తరచుగా ఫిజిక్సులోనే తేలుతుంది.

డాక్టరు అయిన తరువాత కూడా లెక్క వదలదు. పది కిలోల పిల్లవాడికి జ్వరం వచ్చిందనుకోండి. పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వాలంటే 150 మిల్లీగ్రాములు కావాలి. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే ఆరుంబావు మిల్లీలీటర్లు పోయాలి. ఈ లెక్క అర్ధరాత్రి, నిద్రమత్తులో, ఏడుస్తున్న తల్లి ఎదుట, తప్పు లేకుండా చేయాలి. కంటి అద్దాల వెనుక ఉన్నది కాంతిశాస్త్రం. రక్తపోటు వెనుక ఉన్నది ద్రవాల పీడనం. కాబట్టి మీ అమ్మాయికి లెక్కలంటే ఇష్టం ఉండడం డాక్టరు చదువుకు అడ్డు కాదు, పెట్టుబడి.

బై.పి.సి.లో చేరే పిల్లలు వేసవి సెలవుల్లో ఒక నెలరోజులు పదవ తరగతి లెక్కల పుస్తకంలోని త్రికోణమితి, ఘాతాలు మరోసారి చేసుకుని, దానిపైన లాగరిథమ్స్, వెక్టర్లు నేర్చుకుంటే రెండేళ్ళూ ఫిజిక్సు తేలికగా సాగుతుంది.

రెండూ ఇష్టమైన పిల్లలకు ఇప్పుడు మూడో దారి కూడా ఉంది. 2025-26 విద్యా సంవత్సరం నుంచి మన ఇంటర్మీడియేట్ బోర్డు లెక్కలూ జీవశాస్త్రమూ కలిపి చదువుకునే వీలు కల్పించింది. దీన్ని యం.బై.పి.సి. అంటున్నారు. వినడానికి బాగుంటుంది గాని, బరువు ఎక్కువ. ఏదీ తేల్చుకోలేని పిల్లకు ఇది సదుపాయం. డాక్టరే కావాలని గట్టిగా అనుకుంటున్న పిల్లకు మాత్రం అదనపు సబ్జెక్టు వల్ల నీట్‌కు ఒక్క మార్కు కూడా ఎక్కువ రాదు. మీరు చేర్చే కాలేజీలో ఈ కలయిక నిజంగా నడుపుతున్నారా, దానికి లెక్చరర్లు ఉన్నారా అని కనుక్కుని గాని నిర్ణయించకండి.

యం.పి.సి. చదివి మనసు మార్చుకుంటే?

పూర్వం ఈ తలుపు దాదాపు మూసే ఉండేది. ఇంటర్ రెండేళ్ళూ బయాలజీని ప్రాక్టికల్స్‌తో సహా కాలేజీలో చదివి ఉండాలని మెడికల్ కౌన్సిల్ పట్టుబట్టేది. 2023 నవంబరు 22న జాతీయ వైద్య కమిషన్ ఈ నియమాన్ని సడలించింది. ఇంటర్ ప్యాసయిన తరువాత గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగా వ్రాసి ప్యాసయినా నీట్‌కు అర్హత ఉంటుందని ప్రకటించింది.

కాబట్టి యం.పి.సి. చదివిన పిల్లకు దారి మూసుకుపోలేదు. కాని దారి చుట్టు తిరిగి వస్తుంది. 360 మార్కుల బయాలజీని విడిగా, సొంతంగా, ఒక ఏడాది వెచ్చించి చదవాలి. డాక్టరు కావాలని ఇప్పటికే నిశ్చయించుకున్న పిల్లను యం.పి.సి.లో చేర్చి, తరువాత ఈ చుట్టుదారి పట్టించడం ఎందుకు? మీ బావగారి సలహా ఇంజనీరింగ్ కావాలనుకునే పిల్లకు సరైనది. మీ అమ్మాయికి కాదు.

ఒకేషనల్ కోర్సుల గురించి ఒక హెచ్చరిక. ల్యాబ్ టెక్నీషియన్ వంటి ఇంటర్ కోర్సు పేరులో వైద్యం ఉంది గదా అని, అది యం.బి.బి.యస్.కు దారి అనుకుని చేర్చకండి. పైన చెప్పిన నాలుగు సబ్జెక్టులూ ఆ కోర్సులో ఉన్నాయా లేదా అన్నదే ప్రశ్న. చేరకముందే ప్రిన్సిపాల్‌ను అడిగి తెలుసుకోండి.

బి.యస్సీ. చదివితే సీటు సులభమా?

కాదు. బి.యస్సీ. పట్టాకు నీట్‌లో అదనపు మార్కులు లేవు, ప్రత్యేక సీట్లు లేవు, మొదటి సంవత్సరం వదిలేసి రెండవ సంవత్సరంలో చేరే వీలూ లేదు. డిగ్రీ చదివిన అమ్మాయి కూడా, ఇంటర్ ఇప్పుడే ప్యాసయిన అమ్మాయి పక్కనే కూర్చుని అదే ప్రశ్నపత్రం వ్రాయాలి. వయోపరిమితి లేదు కాబట్టి వ్రాయవచ్చు, అంతే. మూడేళ్ళు డిగ్రీలో ఉండగా ఇంటర్ పాఠాలు మరుపున పడతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

బి.యస్సీ. చదువు వృథా అని మా ఉద్దేశం కాదు. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివినవారు వైద్య పరిశోధనలో, ల్యాబరేటరీలలో, మందుల తయారీలో గొప్ప పనులు చేస్తున్నారు. ఆ చదువును దానికోసమే చదవాలి. యం.బి.బి.యస్.కు మెట్టుగా వాడుకుందామని చదివితే రెండూ చెడతాయి.

అమెరికా సలహా అక్కడికే

మీ ఆడపడుచు చెప్పింది అబద్ధం కాదు. కాని అది అమెరికా సంగతి. అక్కడ ఇంటర్ తరువాత నేరుగా మెడికల్ కాలేజీలో చేరరు. ముందు నాలుగేళ్ళు డిగ్రీ చదివి, ఎంక్యాట్ అనే పరీక్ష వ్రాసి, మార్కులు, సేవానుభవం, ఇంటర్వ్యూ అన్నీ చూపించి సీటు తెచ్చుకోవాలి. ఆ డిగ్రీలో ముఖ్య సబ్జెక్టు చరిత్ర కావచ్చు, సంగీతం కావచ్చు. అయితే బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్సు కోర్సులు మాత్రం విడిగా పూర్తి చేసి ఉండాలని చాలా మెడికల్ కాలేజీలు అడుగుతాయి. ఎంక్యాట్‌లో 2015 నుంచి మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం కూడా చేర్చారు.

న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ వైద్య కళాశాల 1987లోనే సాహిత్యం, చరిత్ర వంటివి చదివే విద్యార్థులకు ప్రత్యేకంగా కొన్ని సీట్లు ఇవ్వడం ప్రారంభించింది. ఆ విద్యార్థులు వైద్య విద్యలో మిగిలినవారితో సమానంగానే నెగ్గుకొచ్చారని ఆ కళాశాలవారే 2010లో ప్రకటించారు. మంచి డాక్టరుకు మనుషుల మనసు తెలియడం ఎంత అవసరమో ఇది చెబుతుంది. కాని ఈ మాట పట్టుకుని మాకవరపాలెంలో పిల్లను హెచ్.ఇ.సి.లో చేర్చితే నీట్ దరఖాస్తే పెట్టలేదు. ఏ దేశంలో చదవబోతామో ఆ దేశపు నియమమే మనకు ప్రమాణం.

విదేశాలలో యం.బి.బి.యస్. చదివి తిరిగివచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేయాలనుకునేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. వెళ్ళేముందు నీట్‌లో అర్హత పొంది ఉండాలి. "నీట్ అక్కరలేదు, డబ్బు కడితే చాలు" అని చెప్పే ఏజెంటు మాట నమ్మకండి.

ఊళ్ళో కాలేజి ఉంటే సీటు ఖాయమా?

మీ మండలంలో భీమబోయినపాలెం వద్ద ప్రభుత్వ వైద్య కళాశాలకు 2022 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగింది. రాష్ట్రంలో అప్పుడు తలపెట్టిన 17 కొత్త కాలేజీలలో ఇది ఒకటి. వాటిలో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కాలేజీలు 2023లో, పాడేరు కాలేజి 2024లో తరగతులు ప్రారంభించాయి. మిగిలినవాటిలో పదింటిని ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలని 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. దాని మీద వాదోపవాదాలు జరిగాయి. ఆ చర్చ ఈ శీర్షికది కాదు.

మీకు కావలసిన విషయం ఒక్కటే. ఊళ్ళో కాలేజి ఉన్నా మండలానికి గాని జిల్లాకు గాని విడిగా సీట్లు ఉండవు. ప్రభుత్వ కాలేజి సీట్లలో 15 శాతం అఖిలభారత కోటాకు పోతాయి. రాష్ట్ర కోటాలో 85 శాతం స్థానికులకు. ఇక్కడ స్థానికులంటే మాకవరపాలెంవారు కాదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం శ్రీకాకుళం నుంచి ప్రకాశం వరకు పాత ఎనిమిది జిల్లాలూ కలిపి ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం. మీ అమ్మాయి పోటీ ఆ ప్రాంతం మొత్తంతో. 1923 నుంచి ఉన్న విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజి పక్క వీధిలో పుట్టిన పిల్లకూ ఇదే నియమం.

స్థానికత చదివిన చోటును బట్టి వస్తుంది కాబట్టి, ఇంటర్ కోసం పిల్లను వేరే రాష్ట్రానికి పంపేముందు ఆ ప్రభావం ఏమిటో తెలుసుకోండి. 9 నుంచి 12వ తరగతి వరకు నాలుగేళ్ళు తమ రాష్ట్రంలో చదివినవారే స్థానికులని తెలంగాణ 2024లో నియమం పెట్టింది. 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. చదివిన ప్రతి సంవత్సరానికి స్టడీ సర్టిఫికెట్టు తీసుకుని భద్రపరచండి. కౌన్సెలింగ్ సమయంలో కాగితాల కోసం పరుగులెత్తే తల్లిదండ్రులు ప్రతి ఏడూ కనిపిస్తారు.

రక్తం చూస్తే కళ్ళు తిరిగితే?

ఈ ఒక్క కారణంతో బై.పి.సి. మానుకోనక్కరలేదు. డాక్టర్లలో కొందరు చదువు మొదట్లో ఆపరేషన్ థియేటరులో కళ్ళు తిరిగి కూలబడినవారే.

రక్తం చూడగానే కొందరిలో వేగస్ అనే నాడి అతిగా స్పందిస్తుంది. గుండె వేగం తగ్గుతుంది, రక్తపోటు పడిపోతుంది, మెదడుకు రక్తం చాలదు. కళ్ళు చీకట్లు కమ్మి, చెమటలు పట్టి పడిపోతారు. ఇది పిరికితనం కాదు, శరీరపు తీరు. కాబట్టి పిల్లను వెక్కిరించకండి. అలా అయినప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచితే ఒకటి రెండు నిమిషాలలో తేరుకుంటుంది. నోట్లో నీళ్ళు పోయకూడదు.

దీనికి ఒక చక్కని అభ్యాసం ఉంది. స్వీడన్ మనస్తత్వ నిపుణుడు లార్స్ గోరన్ ఓస్ట్ 1980లలో దీన్ని రూపొందించాడు. కూర్చుని చేతులు, కాళ్ళు, పొట్ట కండరాలను 10 నుంచి 15 సెకన్లు గట్టిగా బిగించాలి. ముఖం వెచ్చబడినట్లు అనిపించగానే వదిలి, అర నిమిషం మామూలుగా ఉండాలి. ఇలా ఐదుసార్లు చేయాలి. బిగించినప్పుడు రక్తపోటు పెరిగి మూర్ఛ రాకుండా ఆపుతుంది. రోజూ అలవాటు చేసుకుని, తరువాత రక్తం బొమ్మలు, ఆ తరువాత రక్తపరీక్ష చేయడం చూస్తూ సాధన చేస్తే చాలామందిలో ఈ ఇబ్బంది తగ్గుతుంది. అయితే పరుగెత్తేటప్పుడు పడిపోయినా, గుండె దడతో పడిపోయినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించి ఉన్నా అది వేరే సంగతి. వెంటనే డాక్టరుకు చూపించాలి.

కొందరు పిల్లలకు ఎరుపు, ఆకుపచ్చ రంగులు సరిగా తెలియవు. దీనివల్ల మెడిసిన్ చదవకూడదనే అపోహ ఉంది. వర్ణాంధత్వం కారణంగా సీటు నిరాకరించినప్పుడు ఒక విద్యార్థి సుప్రీంకోర్టుకు వెళ్ళగా, 2017లో కోర్టు అతనికి ప్రవేశం ఇప్పించింది.

తలనొప్పి మాటేమిటి?

మీ అమ్మాయి తలనొప్పికి మూడు కారణాలు ముందు చూడండి. మొదటిది కళ్ళు. బోర్డు మీద అక్షరాలు కనిపించక కళ్ళు చిట్లిస్తోందేమో కంటి పరీక్ష చేయించండి. రెండవది రక్తహీనత. ఈ వయసు ఆడపిల్లలలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత ఉన్నట్లే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఈ పరీక్ష చేస్తారు. ఆకుకూరలు, రాగులు, పప్పులు, గుడ్లు పెట్టండి. ఐరన్ మాత్రలు ఇస్తే భోజనమైన వెంటనే టీ తాగనివ్వకండి. మూడవది నిద్ర, తిండి. పొద్దున్న ఏమీ తినకుండా బస్సు ఎక్కే పిల్లకు పదకొండు గంటలకు తలనొప్పి రాక ఏమవుతుంది?

ఈ వయసు పిల్లలకు రాత్రి 8 గంటలకు తక్కువ కాకుండా నిద్ర కావాలి. పగలు చదివినది మెదడులో పదిలంగా నిలిచేది నిద్రలోనే. రాత్రి రెండింటిదాకా కూర్చోబెట్టి, మళ్ళీ తెల్లవారుజామున అయిదింటికి లేపే హాస్టళ్ళు పిల్లల జ్ఞాపకశక్తినే దెబ్బతీస్తున్నాయి. కాలేజి చూడడానికి వెళ్ళినప్పుడు ర్యాంకుల బోర్డు చూసి వచ్చేయకండి. దీపాలు ఎన్నింటికి ఆర్పుతారు, ఆదివారం సెలవు ఉందా, ఇంటికి ఫోను చేసుకోనిస్తారా అని అడగండి.

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లలను వేర్వేరు బ్యాచీలుగా విడదీయకూడదని, అందరి ముందు అవమానించకూడదని, 100 మంది లేక అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరు ఉండాలని అందులో ఉంది. కౌన్సెలరు ఎవరని మీరు అడగవచ్చు. అది మీ హక్కు.

పిల్ల మాట్లాడడం తగ్గించినా, తిండి మానినా, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయినా, "నా వల్ల మీకు భారం" వంటి మాటలు అన్నా దాన్ని చదువు బద్ధకం అనుకోకండి. దగ్గర కూర్చుని వినండి, ఒంటరిగా వదలకండి, డాక్టరుకు చూపించండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

సీటు రాకపోతే?

ఈ ప్రశ్నకు జవాబు గ్రూపులో చేరకముందే ఇంట్లో అనుకోవాలి. 2025లో నీట్ వ్రాసినవారు 22 లక్షలకు పైగా. అర్హత పొందినవారు 12 లక్షలకు పైగా. దేశంలో యం.బి.బి.యస్. సీట్లు లక్షకు పైగా. వాటిలో ప్రభుత్వ కాలేజీల సీట్లు సగం చిల్లర. అంటే "నీట్‌లో క్వాలిఫై అయింది" అన్న పదిమందిలో తొమ్మిదిమందికి సీటు రాదు. ఇది పిల్ల తెలివితక్కువతనం కాదు, లెక్క.

ఎన్నిసార్లయినా నీట్ వ్రాయవచ్చు. కాని చట్టం పెట్టని హద్దు ఇంట్లో మనం పెట్టుకోవాలి. మొదటిసారి రాకపోతే ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ సమంజసమే. మొదటిసారి వచ్చిన మార్కులు సీటుకు దగ్గరగా ఉన్నాయా, దూరంగా ఉన్నాయా చూడాలి. పిల్ల తానుగా మళ్ళీ వ్రాస్తానంటోందా అన్నది ముఖ్యం. మూడవ ఏడు, నాలుగవ ఏడు అని సాగదీస్తే వయసుతోపాటు ఆత్మవిశ్వాసం కూడా కరిగిపోతుంది.

బై.పి.సి. చదివిన పిల్లకు డాక్టరు ఒక్కటే దారి కాదు. నర్సింగు, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ, కంటి పరీక్షల కోర్సు, వ్యవసాయం, పశువైద్యం, ఆయుర్వేదం, హోమియో ఉన్నాయి. బి.ఫార్మసీకి బై.పి.సి., యం.పి.సి. ఇద్దరూ అర్హులే. వీటిని "సీటు రానివాళ్ళు చదివేవి" అని పిల్ల ఎదుట తీసిపారేయకండి. రేపు వాటిలోనే చేరవలసి వస్తే, తల్లిదండ్రులే చిన్నబుచ్చిన చదువును ఆమె తల ఎత్తుకుని ఎలా చదువుతుంది?

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడవసారి గాని ప్యాసు కాలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి కూడా యం.బి.బి.యస్. పట్టా అందుకోలేకపోయాడు. అంతకంటే తక్కువదైన ఎల్.యం.యస్.తోనే బయటికి వచ్చాడు. అమెరికా వెళ్ళి ప్రాక్టీసు పెట్టకుండా పరిశోధనాగారంలో గడిపాడు. ఫోలిక్ ఆమ్లం తయారీ, కాన్సరుకు, కీళ్ళవాతానికి నేటికీ వాడే మెథోట్రెక్సేట్ ఆయన నడిపిన పరిశోధనలో నుంచి వచ్చినవే. గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ మాత్ర చూసినప్పుడల్లా ఈ మాట గుర్తుచేసుకోండి.

చివరగా మా సలహా

అడ్మిషను ఫీజు కట్టేముందు ఈ నాలుగు పనులు చేయండి.

1. డాక్టరు కావాలని ఎందుకు అనుకుంటోందో పిల్లనే అడగండి. తెల్లకోటు, గౌరవం, నాన్నగారి కోరిక అన్న జవాబులు వస్తే తొందరపడకండి. ఒక రోజు ఉదయం నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి ఔట్ పేషెంటు విభాగం ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఆ రద్దీ, ఆ మూలుగులు, ఆ వాసన చూసిన తరువాత కూడా కావాలంటే అది నిజమైన కోరికే.

2. ఆ కోరిక నిజమైతే బై.పి.సి.లో చేర్చండి. లెక్కల పుస్తకాలు అమ్మేయకండి.

3. కంటి పరీక్ష, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

4. ఎన్నిసార్లు నీట్ వ్రాయాలి, రాకపోతే ఏ చదువు చదవాలి అన్నది ఇప్పుడే పిల్లతో కలిసి ఒక కాగితం మీద వ్రాసుకోండి. రెండేళ్ళ తరువాత ఫలితాలు వచ్చిన రాత్రి ఆ కాగితం ఇంటిల్లిపాదికీ ధైర్యం ఇస్తుంది.

గ్రూపు ఎంచుకోవడం ఒక్క రోజు పని. ఆ గ్రూపు చదవవలసింది మాత్రం రెండేళ్ళు, ఆ పైన డాక్టరు కోర్సు హౌస్ సర్జన్సీతో కలిపి అయిదున్నర ఏళ్ళు. అన్నాళ్ళూ పుస్తకం ముందు కూర్చునేది పిల్ల కాబట్టి, చివరి మాట కూడా పిల్లనే చెప్పనివ్వండి.